2012లో ఆగిపోయిన ఫోరం సాఫ్ట్‌వేర్: మేమే చేతికి తీసుకోవచ్చా?

యార్డు_గుమస్తా (గుంటూరు):

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో లెక్కలు రాస్తాను. ప్రోగ్రామింగు నేను చదువుకున్నది కాదు. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్కల చీటీలు, చేత్తో రాయలేక పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగు భాష నేర్చుకున్నాను, అక్కడి నుంచి అదొక వ్యసనమైంది.

మా బాబాయి వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 2008లో మిరప రైతుల కోసం తెలుగులో ఒక ఫోరం పెట్టారు. అప్పట్లో ఉచితంగా దొరికిన ఒక చిన్న ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాముతో మొదలుపెట్టారు, ఇప్పటికీ దాంతోనే నడుస్తోంది. దాని పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఎవరో ఒకరు వెళ్ళి ఆ రచయితను నిలదీస్తారు. ఆయన ఏళ్ళ తరబడి ఉచితంగా చాకిరీ చేశారు, మనకేమీ బాకీ లేరు. చివరి విడుదల 2012లో వచ్చింది. లైసెన్సు జీపీఎల్ రెండో వెర్షను, అంటే ఎవరైనా కోడు మార్చి, అదే లైసెన్సుతో పంచుకోవచ్చు.

ఫోరంలో సుమారు 19,000 పోస్టులు ఉన్నాయి. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు ఏ ఊళ్ళో ఏ వారం పూలలో కనిపించింది, నీలిరంగు జిగురు అట్టలు ఎవరు ఎన్ని కట్టారు, ఎవరు ఇక లాభం లేదని తోట దున్నేశారు, అన్నీ రోజువారీగా రాసి ఉన్నాయి. రాసినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు.

వచ్చిన చిక్కు ఇది. మా హోస్టింగువాళ్ళు పాత పీహెచ్‌పీ 5.6ను తీసేస్తున్నారట, ఇక మీదట 8.2 మాత్రమే. ఇంట్లో నకలు పెట్టి 8.2 మీద నడిపితే తెల్ల పేజీ వచ్చింది. మూడు రాత్రులు కూర్చుని తప్పులు సరిచేస్తే పేజీ తెరుచుకుంది గానీ తెలుగంతా పోయింది. అక్షరాల చోట ఏవో గుర్తులు.

వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోవడమా, దీన్నే బాగుచేయడమా? బాగుచేస్తే మా ఒక్కరి కోసం కాకుండా ప్రాజెక్టునే చేతికి తీసుకుని అందరికీ విడుదల చేయాలని ఉంది. లారవెల్ అనే కొత్త పీహెచ్‌పీ చట్రంలో మొదటి నుంచి తిరగరాసి, కొత్త పేరు పెట్టి, ఫోనులో చక్కగా కనిపించేలా చేయాలని ఆలోచన. మేలో యార్డుకు వేసవి సెలవులు. నెల రోజులు సరిపోతాయా?


బెంజిసర్కిల్ (విజయవాడ):

డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఓపెన్‌సోర్సే. 2013 నుంచి ఆగకుండా నడుస్తోంది, ఫోనులో బాగుంటుంది. లేదా పీహెచ్‌పీబీబీ, 2000 నుంచి ఉంది, ఇంకా విడుదలలు వస్తున్నాయి. శవానికి జడ వేయడం దేనికి?


యార్డు_గుమస్తా:

డిస్కోర్స్‌కు డాకర్ (ప్రోగ్రాములను డబ్బాల్లో పెట్టి నడిపే పనిముట్టు) కావాలి, తక్కువలో తక్కువ ఒక జీబీ మెమరీ ఉన్న సొంత సర్వరు కావాలి. మాది పది మందితో పంచుకునే చవక హోస్టింగు, డబ్బు బాబాయి పెన్షనులోంచి వస్తుంది. పీహెచ్‌పీబీబీ ప్రయత్నించాను. మా పాత డేటాను అందులోకి మార్చే పనిముట్టు కూడా 2012 దగ్గరే ఆగిపోయింది. ఎటు తిరిగినా ఆ పాత డేటాబేసును ఎవరో ఒకరు విప్పక తప్పదు. ఎలాగూ విప్పుతున్నప్పుడు నాలాంటి మరో నలుగురికి పనికొస్తే మంచిదే కదా అని.


సత్యనారాయణపురం_టీచరు (విజయవాడ):

గుమస్తా గారూ, ముందు ఆ లారవెల్ ఆలోచనను యార్డు గేటు బయటే దింపేయండి.

నేను పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. 2014లో నేనూ ఇలాగే ఒక దిక్కులేని ఫోరం ప్రోగ్రామును భుజాన వేసుకున్నాను. ఆ కోడు చూడలేక మొదటి వరుస నుంచి తిరగరాయడం మొదలుపెట్టాను. మూడేళ్ళు రాశాను. డేటాబేసు పొర మూడుసార్లు మార్చాను. ఒక లోగో కూడా గీయించాను. విడుదల మాత్రం ఒక్కటీ చేయలేదు, ఎప్పుడు చూసినా ఇంకొక్కటి మిగిలి ఉండేది. తర్వాత ఆ కంప్యూటరు సింగ్‌నగర్‌లో మా అన్నయ్యగారి ఇంటి కింది గదికి చేరింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. నీళ్ళు తీశాక తెరిచి చూస్తే పెట్టె నిండా బురద. నా తిరగరాతను ఎవరూ చూసి ఉండలేదు కనుక అది పోయిందని కూడా ఎవరికీ తెలియలేదు. నేను అసహ్యించుకున్న ఆ పాత ప్రోగ్రాము మాత్రం ఈ రోజుకీ ఎక్కడెక్కడో నడుస్తూనే ఉంది.

కాబట్టి మీ మొదటి విడుదలలో కొత్తది ఏదీ ఉండకూడదు. పాతది పాతట్టే కొత్త పీహెచ్‌పీ మీద నడవాలి. చూసేవాడికి ఏమీ మారలేదనిపించాలి. అది చాలా విసుగు పని, అందుకే ఎవరూ చేయరు.

ఎవరో ఒకరు ఇక్కడ వర్డ్‌ప్రెస్ కథ ఎత్తుతారు, నేనే చెప్పేస్తాను. బీ2 అనే బ్లాగు ప్రోగ్రాము రచయిత కనిపించకుండా పోతే, దాన్ని వాడుకుంటున్న మాట్ ములెన్‌వెగ్ 2003 జనవరిలో ‘జీపీఎల్ ఉంది కదా, మనమే కొనసాగిద్దాం’ అన్నారు. మైక్ లిటిల్ చేయి కలిపారు. మే 27న వర్డ్‌ప్రెస్ అనే పేరుతో మొదటి విడుదల బయటికి వచ్చింది. మీరు చూడాల్సింది ఆ నాలుగు నెలల గడువును. తర్వాత అదెంత పెద్దదయిందన్నది ఇప్పుడు మనకు అనవసరం.

జీపీఎల్ కనుక మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత కాపీరైటు వాక్యాలు చెరపకండి. మార్చిన ప్రతి ఫైలులో మార్చామని, ఏ తేదీన మార్చామో రాయండి. ఆ లైసెన్సును మీ ఇష్టానికి మార్చడం మాత్రం కుదరదు, అందులో కోడు రాసిన ప్రతివారికీ హక్కు ఉంటుంది. ఎవరెవరు రాశారో తెలియాలంటే పాత మార్పుల చరిత్ర కావాలి. మీ ప్రాజెక్టు గూగుల్ కోడ్ అనే పాత ప్రాజెక్టుల సైటులో ఉండేదేమో చూడండి. అది 2016 జనవరిలో మూతపడింది గానీ ఆర్కైవు మిగిలింది, పాత కోడు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లోనూ నకళ్ళు ఉన్నాయి. జిప్పు ఫైలు ఒక్కటే పట్టుకుని మొదలుపెట్టకండి.

రచయితకు ఉత్తరం రాయండి. తాళాలు, అంటే ఆయన ప్రాజెక్టును నడిపే అధికారం, మాత్రం అడగకండి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీని దాని రచయిత, ‘నేను చూసుకుంటాను’ అని మెయిలు రాసిన ఒక అపరిచితుడికి అప్పగించారు. ఆ మనిషి అందులోకి బిట్‌కాయిన్ దొంగిలించే కోడు దూర్చాడు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే ప్రోగ్రాము వ్యవహారం ఇంకా ఘోరం, అక్కడ రెండేళ్ళకు పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి నమ్మకం సంపాదించుకుని మరీ దొంగదారి పెట్టారు. అందుకని మీ రచయిత జవాబివ్వకపోతే అది పొగరు కాకపోవచ్చు. పాత పేరుకు ఒక చిన్న మార్పు చేసి మీ పేరు పెట్టుకోండి, మీ సైటుకు ఒక లింకు మాత్రం అడగండి.

ఇక అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. ఈ ప్రోగ్రాముతో ఇంకా ఎవరెవరు ఫోరంలు నడుపుతున్నారో వెతకండి. ఎలాగంటారా? 2004 డిసెంబరులో శాంటీ అనే పురుగు వచ్చింది, మీ తోటల్లో పడే పురుగు కాదు, కంప్యూటర్లలో పడేది. అది గూగుల్‌లో వెతికి మరీ పీహెచ్‌పీబీబీ సైట్లను పట్టుకుని పాడుచేసింది. ఫోరం పేజీల చిరునామాలు, అడుగున ఉండే వాక్యం అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి, దానికి అదే దారి చూపింది. ఆ దారినే మంచికి వాడుకోండి. మీ ప్రోగ్రాము ప్రతి పేజీ అడుగునా ‘దీనితో నడుస్తోంది’ అని ఒక వాక్యం రాస్తుంది కదా, దాన్ని కొటేషన్లలో పెట్టి వెతకండి. దొరికినవాళ్ళందరికీ ఉత్తరాలు రాయండి. వాళ్ళు లేకపోతే ఇది మీ బాబాయిగారి ఫోరం మరమ్మతు మాత్రమే అవుతుంది.

తెలుగు అక్షరాల చోట ఏ గుర్తులు కనిపిస్తున్నాయో ఉన్నదున్నట్టు చెప్పండి, దాని సంగతి తర్వాత.


యార్డు_గుమస్తా:

టీచరు గారూ, చదివి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. లారవెల్ మానేశాను.

గుర్తులు ఇలా ఉన్నాయి. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ చిన్నక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఇంకేదో. మళ్ళీ అదే ‘ఏ’, ఈసారి కూడిక తీసివేత కలిసిన గుర్తు. పేజీ నిండా ఇవే రెండు వరసలు.


సత్యనారాయణపురం_టీచరు:

సంతోషం. మీ తెలుగు పోలేదు, భద్రంగా ఉంది.

అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర గుర్తూ మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఆ మూడు బైట్లను లాటిన్ అక్షరాలనుకుని చదివితే మీరు చెప్పిన గీత ఉన్న ‘ఏ’, డిగ్రీ గుర్తు, కూడిక తీసివేత గుర్తు కనిపిస్తాయి. 2008లో మీ డేటాబేసు పట్టికలు ‘లాటిన్1’ అని పుట్టాయి. పాత ప్రోగ్రాము ఏ లిపిలో మాట్లాడుతోందో డేటాబేసుకు ఎప్పుడూ చెప్పలేదు. తెలుగు బైట్లు లోపలికి వెళ్ళాయి, అలాగే బయటికి వచ్చాయి. మూటలో ఏముందో గుమస్తా విప్పి చూడనంత కాలం ఇబ్బంది లేదు. ఇప్పుడు మీ కొత్త కనెక్షను యూటీఎఫ్-8లో మాట్లాడుతోంది. ‘అయ్యో, ఇది లాటిన్ కదా, అనువదిస్తాను’ అని డేటాబేసు అత్యుత్సాహం చూపిస్తోంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు, పట్టికను నేరుగా యూటీఎఫ్-8కు మార్చమని ఆజ్ఞ ఇవ్వడం. అలా చేస్తే ఆ చెత్త అక్షరాలే శాశ్వతమవుతాయి. ముందు ఆ గడిని బ్లాబ్‌గా, అంటే ఉత్త బైట్ల మూటగా మార్చండి. అప్పుడు లాటిన్ అనే చీటీ ఊడిపోతుంది. ఆ తర్వాత దాన్ని యూటీఎఫ్8ఎంబీ4 అని ప్రకటించండి. ఉత్త ‘యూటీఎఫ్8’ అని రాయకండి. మైఎస్‌క్యూఎల్‌లో, అంటే మీ డేటాబేసు ప్రోగ్రాములో, ఆ పేరుతో ఉన్నది మూడు బైట్ల వరకే పడుతుంది. తెలుగుకు చాలు గానీ ఎవరైనా ఒక నవ్వు బొమ్మ పెట్టగానే ఆగిపోతుంది.

అసలు డేటాబేసు మీద చేయకండి, నకలు మీద చేయండి. ఇది చెప్పాల్సిన పని లేదనుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.


కోల్డుస్టోరేజి (గుంటూరు):

ఇప్పుడు ఫోరంలు ఎవరు చూస్తారండీ? రైతులందరూ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారు. ధర కూడా అక్కడే ముందు తెలుస్తుంది. ఇంత శ్రమ దండగ.


యార్డు_గుమస్తా:

ధరకు వాట్సాప్ మంచిదే, నేనూ అందులోనే చూస్తాను. కానీ మీ గ్రూపులో 2021 నవంబరులో బొబ్బర తెగులు గురించి ఎవరేమన్నారో ఇప్పుడు చూపించండి. అప్పటికి గ్రూపులో లేనివాడికి ఆ మాట ఎలా చేరుతుంది? మా ఫోరం పేజీ గూగుల్‌లో వెతికితే వస్తుంది. మొన్న ఖమ్మం వైపు నుంచి ఒకాయన అలా వచ్చి, పన్నెండేళ్ళ కిందటి ఒక పోస్టు కింద కృతజ్ఞతలు రాసి వెళ్ళారు.


మూడో_సంవత్సరం (గుంటూరు):

అన్నా, నేను ఇక్కడే ఇంజనీరింగు చదువుతున్నాను. ఏదైనా పని ఇస్తారా? ఇప్పటిదాకా ఓపెన్‌సోర్స్ పేరుతో అక్షర దోషాలు దిద్దడం తప్ప ఏమీ చేయలేదు.


సత్యనారాయణపురం_టీచరు:

బాబూ, ఫోరం లోపల పోస్టులు వెతికే సౌకర్యం (సెర్చ్) సంగతి నువ్వు తీసుకో. ఆ ప్రోగ్రాము పోస్టులను మాటలుగా ఎలా విడగొడుతుందో చూసి ‘తెలుగు’ అనే మాటకు ఏమవుతుందో చెప్పు.


మూడో_సంవత్సరం:

మేడమ్, చూశాను. పాత కోడులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ మాటల మధ్య ఖాళీ కిందే లెక్క. అంటే తెలుగు మాట ఒక్కటి కూడా సూచికలోకి వెళ్ళలేదు. అన్ని భాషల అక్షరాలనూ గుర్తించమని చెప్పే యూనికోడ్ గుర్తు తగిలించి నడిపితే ‘తెలుగు’ అనేది త, ల, గ అని మూడు ముక్కలైంది. ఎత్వం, కొమ్ములు అక్షరాలు కావట, వేరే జాతి గుర్తులట. అక్షరాలతో పాటు ఆ గుర్తుల జాతిని కూడా మాటలో భాగమని రాస్తే సరిపోయింది. ఇంకొకటి ఉంది. ‘ఫిప్రోనిల్‌ను’ అని కొందరు రాసినప్పుడు పొల్లుకూ ‘ను’కూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటోంది, కొందరు రాసినప్పుడు ఉండటం లేదు. అది ఉంటే మాట అక్కడ తెగుతోంది. సూచికలో వేసేటప్పుడూ వెతికేటప్పుడూ దాన్ని తీసేశాను.


యార్డు_గుమస్తా:

అంటే 2008 నుంచి మా ఫోరంలో తెలుగు మాట వెతికితే దొరికే వీలే లేదన్నమాట! రైతులకు వెతకడం చేతకాదని బాబాయి ఇన్నేళ్ళూ విసుక్కున్నారు. ఈ సంగతి ఆయనకు నేను చెప్పలేను, మీలో ఎవరైనా చెప్పండి.


యార్డు_గుమస్తా (ఐదు వారాల తర్వాత):

జరిగింది చెబుతాను.

అడుగు వాక్యం పట్టుకుని వెతికితే ఇంకా బతికి ఉన్న ఫోరంలు పదకొండు దొరికాయి. చాలావరకు స్పాము కింద కూరుకుపోయి ఉన్నాయి. తొమ్మిది మందికి చిరునామా దొరికింది, రాశాను, నలుగురు జవాబిచ్చారు. అందులో పోలండులో చేపలు పట్టేవాళ్ళ ఫోరం నడిపే ఒకాయన, తన సైటు కోసం పీహెచ్‌పీ 8 మరమ్మతులు ఏడాది కిందటే చేసుకుని ఎవరికీ చెప్పకుండా కూర్చున్నారు. కొత్త పీహెచ్‌పీలో తీసేసిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు, ‘ఈచ్’, మ్యాజిక్ కోట్స్, అన్నీ సరిచేశారు. నా మూడు రాత్రుల పనితో పాటు ఇంకో ముప్పై రాత్రుల పని ఆయన పంపిన ఒక్క ఫైలులో ఉంది. ముందే వెతికి ఉంటే ఆ మూడు రాత్రులు నిద్రపోయేవాడిని.

రచయిత కూడా జవాబిచ్చారు, మూడు వరుసలు. పేరు వాడవద్దు, తాళాలు ఇవ్వను, మీరు మూడు విడుదలలు చేశాక నా పేజీలో లింకు పెడతాను. టీచరు గారు ముందే చెప్పి ఉండకపోతే నొచ్చుకునేవాడిని. ఇప్పుడు మాత్రం పెద్దమనిషి అనిపించింది.

తెలుగు మార్పిడి సగంలో ఆగింది. పోస్టులు బాగానే మారాయి, శీర్షికల దగ్గర డేటాబేసు మొరాయించింది. కారణం తెలిశాక నవ్వొచ్చింది. శీర్షిక గడి 70 బైట్లు. తెలుగులో ఇరవై మూడు అక్షర గుర్తులు, ఆ పైన ఒక ముక్క. ‘బొబ్బర తెగులు వచ్చిన మొక్కలు పీకెయ్యాలా’ అని ఎవరో అడిగితే ‘బొబ్బర తెగులు వచ్చిన మొక్’ దగ్గర తెగి, తర్వాతి అక్షరంలో మూడో వంతు మాత్రం మిగిలింది. ఆ ఒంటరి బైటు యూటీఎఫ్-8 కాదని డేటాబేసు పేచీ. అలాంటి శీర్షికలు రెండు వందలకు పైగా తేలాయి. చివరి అరకొర బైట్లు కత్తిరించే చిన్న ప్రోగ్రాము రాసి, విడుదలతో పాటే పెట్టాను. ఏ ‘మొక్’ ఏ ‘మొక్క’ అన్నది బాబాయి కూర్చుని చేత్తో దిద్దుతున్నారు.

రహస్య పదాల దగ్గర మాత్రం నేనే బోల్తా పడ్డాను. పాతవన్నీ ఉత్త ఎండీ5 (రహస్య పదాన్ని మరో రూపంలోకి మార్చి దాచే పాత, బలహీనమైన పద్ధతి), ఉప్పు, అంటే ఒక్కొక్కరికీ వేరుగా కలిపే అక్షరాలు, కూడా కలపలేదు. అందరి ఎండీ5లనూ ఒకేసారి పీహెచ్‌పీలోని గట్టి పద్ధతి ‘పాస్‌వర్డ్ హ్యాష్’లో చుట్టేస్తే ఎవరూ మళ్ళీ వచ్చి లాగిన్ అయ్యేదాకా ఆగక్కర్లేదని పోలండు ఆయన చెప్పారు. చుట్టాను. ఆ తర్వాత ఒక్కరూ లోపలికి రాలేకపోయారు. కొత్తది 60 అక్షరాలు, నా గడి 40. డేటాబేసు చప్పుడు చేయకుండా ఇరవై కోసేసింది. ఆ పాత వెర్షనుకు అదే అలవాటట. నకలు మీదే చేశాను కనుక బతికాను. గడిని 255 చేసి మళ్ళీ చుట్టాను.

పోయిన ఆదివారం మొదటి విడుదల చేశాం. కొత్త సౌకర్యాలు ఏవీ లేవు, తెలుగు వెతకడం తప్ప. అది దోషం దిద్దడమే అని మా విద్యార్థి వాదించి గెలిచాడు. జవాబిచ్చినవాళ్ళలో పోలండు ఆయన కాక మిగతా మూడు ఫోరంలలో రెండు మారాయి.


బెంజిసర్కిల్:

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోనులో మాత్రం ఇంకా ఘోరంగానే ఉంది.


యార్డు_గుమస్తా:

ఉంది. అది రెండో విడుదలకు.


సత్యనారాయణపురం_టీచరు:

బాగా చేశారు. కోడు నలుగురి దగ్గరా ఉంది కనుక దానికి భయం లేదు. ఫోరం డేటా నకళ్ళు ఎక్కడ పెట్టారు?


యార్డు_గుమస్తా:

రెండు చోట్ల అండీ. ఒకటి ఇంట్లో, ఒకటి కొట్టులో.


సత్యనారాయణపురం_టీచరు:

కొట్టు ఏ అంతస్తులో ఉంది?


యార్డు_గుమస్తా:

కింది అంతస్తే. ఇల్లు కూడా. రేపు బాబాయి వాళ్ళ మేడ మీదకు మారుస్తాను.